వంశధార ఇసుకలో కూలిన విమానం: ట్రాన్స్‌మిటర్ పవర్ ఎంతవరకు పెంచవచ్చు?

గుణుపురం_గాలివాటం · గుణుపురం · ఆదివారం రాత్రి 9:12

అందరికీ నమస్కారం. పొద్దున్న నా విమానం పడిపోయింది. రెండు నెలలు కూర్చుని అతికించుకున్న ఫోమ్ విమానం. రెక్కల పొడవు మీటరున్నర, బరువు 1,150 గ్రాములు. మంచు విడిచాక ఏడున్నరకు వంశధార ఇసుకలోంచి ఎగరేశాను. గాలి లేదు. నాలుగో చుట్టులో, నాకు సుమారు 400 మీటర్ల దూరంలో, ఎడమకు తిప్పుతూ ముక్కు గట్టిగా పైకి లాగాను. అంతే, రిమోట్ ‘టెలిమెట్రీ లాస్ట్’ (విమానం నుంచి తిరిగొచ్చే సమాచారం తెగింది) అని అరిచింది. మోటారు ఆగిపోయింది. విమానం ఒక పక్కకు వాలి ఆవలి ఒడ్డున రెల్లు పొదల్లో పడింది.

మోకాలి లోతు నీళ్లు దాటి వెళ్లేసరికి గేదెలు కాసే కుర్రాడు ఒక రెక్కను భుజాన వేసుకుని ఎదురొచ్చాడు. ‘ఉడాజాహాజ తుమర?’ అని అడిగాడు. నాదే బాబూ, అన్నాను.

రేడియో వివరాలు: 2.4 గిగాహెర్ట్జ్ ఎక్స్‌ప్రెస్‌ఎల్‌ఆర్‌ఎస్, అంటే రిమోట్‌ను విమానంలోని రిసీవర్‌తో కలిపే రేడియో లింకు, రిమోట్ లోపల వచ్చిన మాడ్యూలే. పవర్ 100 మిల్లీవాట్ల దగ్గర పెట్టాను, ప్యాకెట్ రేటు 250 హెర్ట్జ్, అంటే సెకనుకు 250 సార్లు ఆదేశాలు పోతాయి. ఇప్పుడు నా అనుమానం, పవర్ చాల్లేదని. 1 వాట్ మాడ్యూల్ ఒకటి చూసి పెట్టుకున్నాను. ఒక స్నేహితుడు 915 మెగాహెర్ట్జ్‌ది, 2 వాట్లది కొనమంటున్నాడు, దానికి కొండ అడ్డమొచ్చినా లెక్కలేదట. మన దేశంలో ఎంత పవర్ వరకు అనుమతి ఉందో, ఏది కొనాలో చెప్పండి. సంక్రాంతికి మా ఇంటి పిల్లల ముందు ఎగరేస్తానని మాటిచ్చాను, అదో టెన్షన్.

నాగావళి_రెక్క · రాయగడ · ఆదివారం రాత్రి 9:40

తమ్ముడూ, 100 మిల్లీవాట్లు ఏ మూలకు? నేను ఏడాదిగా 1 వాట్ పెట్టి ఎగరేస్తున్నాను, ఒక్కసారి లింకు తెగలేదు. మనవి కొండ ప్రాంతాలు. మైదానంలో వాళ్లు చెప్పే లెక్కలు మనకు నప్పవు. కొనెయ్.

సిరొంచ_సర్వో · సిరొంచ, గడ్చిరోలి జిల్లా · ఆదివారం రాత్రి 10:05

అన్నా, నా దగ్గర 915 ఉంది. ప్రాణహిత ఒడ్డున చెట్ల వెనక్కి పోయినా పట్టు వదలదు. 2.4 కంటే మేలని నా అనుభవం. పవర్ సంగతి మాత్రం ఎవరూ అడగలేదు, నేనూ చూడలేదు.

హామ్_మాస్టారు · బరంపురం · సోమవారం ఉదయం 6:20

ముగ్గురి మాటలూ చదివాను. ముందు రూలు చెబుతాను, తర్వాత మిగతాది.

మన దేశంలో 1933 నాటి వైర్‌లెస్ చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా రేడియో సెట్టు దగ్గర ఉంచుకోవడమే తప్పు. కొన్ని బ్యాండ్లకు ప్రభుత్వం మినహాయింపులు ఇస్తూ వచ్చింది. మనకు కావలసిన 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండుకు, అంటే 2400 నుంచి 2483.5 మెగాహెర్ట్జ్ దాకా, 2005 జనవరిలో మినహాయింపు వచ్చింది. అందులో రెండు అంకెలున్నాయి. ట్రాన్స్‌మిటర్ నుంచి బయటికొచ్చే పవర్ గరిష్ఠంగా 1 వాట్. యాంటెన్నా కూడా కలిపి లెక్క వేస్తే ఈఐఆర్‌పీ 4 వాట్లు, అంటే 36 డీబీఎం (పవర్‌ను కొలిచే ఇంకొక స్కేలు, అందులో 0 అంటే 1 మిల్లీవాట్). చాలామంది ఈ రెండింటినీ కలిపేసి, ‘ఇండియాలో 4 వాట్లు పెట్టుకోవచ్చు’ అని తిరుగుతుంటారు. అది తప్పు.

ఈఐఆర్‌పీ అంటే ఏమిటని అడుగుతారు కాబట్టి చెబుతాను. నిట్టనిలువుగా నిలబెట్టిన యాంటెన్నాకు ఒక గారె తొడిగినట్టు ఊహించుకోండి. పవర్ అంతా ఆ గారె ఆకారంలో పోతుంది, చిల్లు వైపు, అంటే యాంటెన్నా కొస వైపు, దాదాపు ఏమీ పోదు. ఇప్పుడు ఆ గారెను అరచేత్తో అదమండి. పిండి పెరగలేదు, కానీ చుట్టూ ఇంకా దూరం పరుచుకుంది. యాంటెన్నా గెయిన్ అంటే అదే, దాన్ని డీబీఐలో కొలుస్తారు. 6 డీబీఐ గెయిన్ ఉన్న యాంటెన్నా తాను చూస్తున్న దిక్కులో పవర్‌ను నాలుగింతలు చేసి చూపిస్తుంది. 1 వాట్ ట్రాన్స్‌మిటర్‌కు అది తగిలిస్తే సరిగ్గా 4 వాట్లు. మీ రిమోట్ మీదుండే 2 డీబీఐ యాంటెన్నాతో 250 మిల్లీవాట్లు పంపితే ఈఐఆర్‌పీ సుమారు 400 మిల్లీవాట్లు. హద్దు ఎంతో దూరంలో ఉంది.

ఇంకొక షరతు కూడా ఉంది. ఈ బ్యాండులో మనం ఇతరులకు అంతరాయం కలిగించకూడదు, మనకు అంతరాయం కలిగితే కాపాడమని అడగడానికి లేదు. మీ ఊరి వైఫై రౌటర్లన్నీ అదే బ్యాండులో ఉన్నాయి. వాటి మీద ఫిర్యాదు చేయలేం.

హామ్_మాస్టారు · బరంపురం · సోమవారం ఉదయం 6:41

915 గురించి విడిగా రాస్తున్నాను, ఇది ముఖ్యం. సిరొంచ బాబూ, కోపం తెచ్చుకోకు.

902 నుంచి 928 మెగాహెర్ట్జ్ అమెరికాలో ఉచిత బ్యాండు. ఇక్కడ కాదు. ఇక్కడ 890 నుంచి 915 దాకా మొబైల్ ఫోన్లు టవర్‌తో మాట్లాడే దారి. మీ మాడ్యూల్ 903 నుంచి 927 దాకా గెంతుతూ ఉంటుంది, అందులో సగం సరిగ్గా ఆ దారిలోనే పడుతుంది. టవర్ ఏమో దూరంగా ఉన్న ఫోన్ల సన్నని గొంతు వినడానికి చెవులు రిక్కించి కూర్చుంటుంది. మీరు 120 మీటర్ల ఎత్తుకు పంపిన విమానంలోంచి టెలిమెట్రీ, నేల మీద నుంచి 2 వాట్లు, రెండూ దాని చెవిలో ఈల వేసినట్టే.

ఆ జాతి మాడ్యూల్ ఉన్నవాళ్లకు మార్గం ఉంది. మన దేశంలో 865 నుంచి 867 మెగాహెర్ట్జ్‌ను 2005లోనే తెరిచారు. 1 వాట్ ట్రాన్స్‌మిటర్, రేడియేట్ అయ్యే పవర్ 4 వాట్లు, ఒక్కో క్యారియర్ వెడల్పు 200 కిలోహెర్ట్జ్. 2021లో దాన్ని 868 దాకా పొడిగించారు. ఎక్స్‌ప్రెస్‌ఎల్‌ఆర్‌ఎస్ ఫర్మ్‌వేర్ (లోపలి సాఫ్ట్‌వేర్) ఎక్కించేటప్పుడు ప్రాంతం ఎంచుకునే చోట ‘ఐఎన్866’ అని మన దేశానికే ఒక వరస ఉంది. ట్రాన్స్‌మిటర్‌లోనూ రిసీవర్‌లోనూ రెండింటా అదే ఎక్కించాలి, లేకపోతే ఒకదాన్నొకటి పలకరించవు. యాంటెన్నా 915కి కోసింది కాబట్టి 866కి సరిపోయేది మార్చుకుంటే మేలు.

పాత 433 మెగాహెర్ట్జ్ సెట్లు ఎవరైనా అమ్మజూపితే దణ్ణం పెట్టి పంపేయండి. అక్కడ 433 నుంచి 434 దాకా మినహాయింపు ఉంది కానీ 10 మిల్లీవాట్లకు, అదీ భవనం లోపల వాడుకోవడానికి.

సిరొంచ_సర్వో · సిరొంచ · సోమవారం ఉదయం 8:15

మాస్టారూ, కోపం ఎందుకు? అమ్మినాయన ‘ఇండియాలో పర్వాలేదు’ అన్నాడు, నేను నమ్మిన. అయితే ఈ ఆదివారం 866 ఎక్కించి చూస్త. బ్యాండ్ చిన్నది కదా, పట్టు తగ్గుతదా?

హామ్_మాస్టారు · బరంపురం · సోమవారం ఉదయం 8:30

గెంతడానికి నాలుగు మెట్లే ఉంటాయి. ఒకే మైదానంలో పదిమంది ఎగరేస్తే ఇబ్బంది. ప్రాణహిత ఒడ్డున నువ్వొక్కడివే కదా.

సిరొంచ_సర్వో · సిరొంచ · సోమవారం ఉదయం 8:34

నేనొక్కడినే. చూసేటోళ్లు నలభై మంది.

కోవెల_వీధి_తాత · పర్లాకిమిడి · సోమవారం ఉదయం 11:50

పిల్లలూ, మీ మిల్లీవాట్లు చదువుతుంటే నవ్వొస్తోంది. నేను ఎన్‌సీసీ ఎయిర్‌వింగ్‌లో ఏరోమోడలింగ్ నేర్చుకున్నవాణ్ణి. మొదట రెండు తీగలు పట్టుకుని గుండ్రంగా తిప్పే కంట్రోల్ లైన్ విమానాలు. తీగ పొడవే మా రేంజి. తర్వాత ఒక బంధువు అమెరికా నుంచి 72 మెగాహెర్ట్జ్ సెట్టు తెచ్చాడు. అక్కడ ఆ బ్యాండులో హద్దు 0.75 వాట్. ఇంగ్లండులో 35 మెగాహెర్ట్జ్ వాడేవారు, దానికి 100 మిల్లీవాట్లే. అదే విమానం, అదే ఆకాశం, ఒకరికి ఏడున్నర రెట్లు ఎక్కువ. అయినా ఇంగ్లండు వాళ్ల విమానాలేం దూరం పోలేక చతికిలబడలేదు.

మా రోజుల్లో విమానాన్ని కూల్చింది పవర్ కాదు, క్రిస్టల్. రిమోట్‌లో ఒకటి, రిసీవర్‌లో ఒకటి, రెండింటి మీదా ఒకే చానల్ నంబరు. ఎవడు ఏ చానల్ మీద ఉన్నాడో తెలియాలని బోర్డుకు బట్టలారేసే క్లిప్పులు తగిలించేవాళ్లం. క్లిప్పు తీసుకున్నవాడికే రిమోట్ ఆన్ చేసే హక్కు. ఒకసారి నేను గాల్లో ఉండగా ఇంకొకడు అదే చానల్ మీద ఆన్ చేశాడు. వాడు ఇప్పటికీ నా స్నేహితుడే, కానీ ఆ మాట ఎత్తితే లేచి వెళ్లిపోతాడు.

పిల్లల బొమ్మ కార్లు 27 మెగాహెర్ట్జ్‌లో ఉండేవి. మాస్టారు చెప్పలేదు గానీ మన దగ్గర 26.957 నుంచి 27.283 దాకా 5 వాట్ల వరకు లైసెన్సు అక్కర్లేదు. అంకె పెద్దదే. అయినా ఇప్పుడు 27 మీద విమానం ఎగరేసేవాణ్ణి చూపించండి! యాంటెన్నా ఎంత పొడవుండాలో, చుట్టుపక్కల గోల ఎంతుంటుందో చూస్తే అర్థమవుతుంది. పవర్ ఒక్కటే చూసి కొనేవాడికి నేనిచ్చే సలహా అదే.

నాగావళి_రెక్క · రాయగడ · సోమవారం మధ్యాహ్నం 1:10

తాతగారికి నమస్కారం. కానీ మాస్టారే చెప్పారుగా, 1 వాట్ దాకా అనుమతి ఉందని. నాది 1 వాటే. మరి నేనెక్కడ తప్పు? అనుమతి ఉన్నప్పుడు వాడుకోవడానికి ఈ పిసినారితనం ఎందుకు?

హామ్_మాస్టారు · బరంపురం · సోమవారం సాయంత్రం 7:05

రూలును పూర్తిగా చదవాలి బాబూ. 1 వాట్ అన్న అంకె పక్కనే ‘10 మెగాహెర్ట్జ్ లేదా అంతకంటే ఎక్కువ వెడల్పులో పరచినప్పుడు’ అన్న మాట ఉంది. వైఫై సిగ్నల్ ఎప్పుడూ కనీసం 20 మెగాహెర్ట్జ్ వెడల్పున ఉంటుంది కాబట్టి దానికి తగువు లేదు. మన ఎక్స్‌ప్రెస్‌ఎల్‌ఆర్‌ఎస్ సిగ్నల్ ఏ క్షణాన చూసినా 0.8 మెగాహెర్ట్జ్ వెడల్పే. 80 చానళ్ల మీద గెంతుతుంది కాబట్టి బ్యాండంతా పరిచినట్టే కదా అని మీరు వాదించవచ్చు. ఆ వాదనలో పస ఉంది. ఎదుటి అధికారి ‘ఒక్కో గెంతుకు వెడల్పెంత?’ అని అడిగితే ఆయన మాటలోనూ పస ఉంది. 100, 250 మిల్లీవాట్ల దగ్గర ఉన్నవాడు ఈ తగువులోకి పోనక్కర్లేదు. నేను వాడేది 100.

యూరప్‌లో 2.4కి ఈఐఆర్‌పీ హద్దే 100 మిల్లీవాట్లు. అక్కడి ఫర్మ్‌వేర్ ముందు చానల్ ఖాళీగా ఉందా అని విని, తర్వాతే పలుకుతుంది. ఆ ఖండమంతా అంతలోనే ఎగరేస్తోంది.

నాగావళి_రెక్క · రాయగడ · సోమవారం సాయంత్రం 7:22

యూరప్‌లో మన నియమగిరి లేదు మాస్టారూ :)

బల్లార్షా_బాల్సా · బల్లార్షా, చంద్రపూర్ జిల్లా · సోమవారం రాత్రి 8:48

నియమగిరి అడ్డం వస్తే 1 వాట్ కాదు, 100 వాట్లు పెట్టినా 2.4 కొండను దూరిపోదు అన్నా. అడ్డం లేనప్పుడు ఎంత దూరం పోతుందో లెక్క వేద్దాం, అంకెలు నాకు ఇష్టం.

100 మిల్లీవాట్లు అంటే 20 డీబీఎం. 2.4 గిగాహెర్ట్జ్‌లో ఖాళీ ఆకాశంలో కిలోమీటరు పోయేసరికి 100 డీబీ నష్టం. అంటే కిలోమీటరు అవతల రిసీవర్‌కు అందేది సుమారు −80 డీబీఎం. 250 హెర్ట్జ్ దగ్గర ఈ రిసీవర్ వినగలిగే కనిష్ఠం −108. ఇంకా 28 డీబీ చేతిలో ఉన్నట్టు. దూరం రెట్టింపు అయితే 6 డీబీ పోతుంది. ఆ లెక్కన 28 డీబీ కరగాలంటే దూరం 25 రెట్లు పెరగాలి. కాగితం మీద 25 కిలోమీటర్లు! నేల, చెట్లు, మన ఒళ్లు, యాంటెన్నా వంకర అన్నీ తీసేసి పదో వంతే మిగిలిందనుకున్నా రెండున్నర కిలోమీటర్లు.

ఇప్పుడు 1 వాట్ పెడితే వచ్చే లాభం 10 డీబీ. పవర్ పది రెట్లు, దూరం మాత్రం మూడు రెట్లకు కాస్త పైన. దూరం రెట్టింపు కావాలంటే పవర్ నాలుగింతలు కావాలి, అదీ దెబ్బ. పైగా మీటరున్నర రెక్క 600 మీటర్ల అవతల నా కంటికి చుక్కలా ఉంటుంది, ఏది ముక్కో ఏది తోకో తెలియదు. కన్ను పోయిన చోటికి రేడియో పోయి ఏం లాభం?

గుణుపురం తమ్ముడి విమానం 400 మీటర్ల దగ్గర −71, −72 ఉండాలి. తెగిపోయే ప్రసక్తే లేదు. ఇది పవర్ కథ కాదని నా అనుమానం. రిసీవర్ యాంటెన్నా ఎక్కడ పెట్టావు? కార్బన్ గొట్టం పక్కన టేపు వేసి అతికించలేదు కదా? రిమోట్‌లో లాగ్ ఆన్ చేసి ఉంటే ఎస్‌డీ కార్డు తీసి ఆఖరి పది వరసలు ఇక్కడ పెట్టు.

గుణుపురం_గాలివాటం · గుణుపురం · సోమవారం రాత్రి 10:30

అన్నా, లాగ్ ఆన్ చేసే ఉంది, నాకే చూడాలని తట్టలేదు. యాంటెన్నా ఫోమ్‌లో నిలువుగా గుచ్చాను, కార్బన్ గొట్టానికి నాలుగు అంగుళాల దూరంలో ఉంది. లాగ్ సెకనుకొకటి చొప్పున ఉంది. వరస: సిగ్నల్ బలం (డీబీఎంలో), లింకు క్వాలిటీ (వందలో ఎన్ని ప్యాకెట్లు అందాయో), రిసీవర్ వోల్టేజీ.

−70, 100, 5.1
−71, 100, 5.0
−71, 100, 5.1
−72, 100, 4.8
−71, 100, 4.1
తర్వాత ఖాళీ.
ఖాళీ.
ఖాళీ. ఇలా తొమ్మిది సెకన్లు.
−97, 92, 5.1
−96, 94, 5.1

చివరి రెండు వరసలు విమానం పొదల్లో పడ్డాక వచ్చినవి. ఇప్పుడే గమనించాను.

బల్లార్షా_బాల్సా · బల్లార్షా · సోమవారం రాత్రి 10:36

దొరికింది దొంగ.

హామ్_మాస్టారు · బరంపురం · సోమవారం రాత్రి 10:52

ఆఖరి రెండు వరసలు చూడండి. నదికి ఆవలి ఒడ్డున, రెల్లు పొదల్లో, నేల మీద విరిగి పడి ఉన్న విమానంతో అదే 100 మిల్లీవాట్లు మాట్లాడగలిగాయి. అలాంటిది ఆకాశంలో ఎదురుగా ఉన్నప్పుడు ఎందుకు తెగుతుంది? రేడియో ఓడిపోయి ఉంటే −71 నుంచి −85, −95, −105 అని మెల్లగా జారాలి, లింకు క్వాలిటీ 100 నుంచి 80, 60 అని పడాలి. ఇక్కడ రెండూ చివరి దాకా నిక్కచ్చిగా ఉన్నాయి. వోల్టేజీ ఒక్కటే 5.1 నుంచి 4.1కి పడింది, ఆ తర్వాత రిసీవర్ ఆరిపోయి మళ్లీ లేచింది. గట్టిగా పైకి లాగినప్పుడే జరిగిందంటున్నావు. సర్వోలు (రెక్కల, తోక పలకలను కదిపే చిన్న మోటార్లు) ఏం వేశావు? రిసీవర్‌కూ సర్వోలకూ 5 వోల్టుల కరెంటు ఇచ్చే బీఈసీ ఎన్ని ఆంపియర్లది?

గుణుపురం_గాలివాటం · గుణుపురం · సోమవారం రాత్రి 11:03

ఈఎస్‌సీ (మోటారు వేగాన్ని అదుపుచేసే సర్క్యూట్) లోపలే ఉన్న బీఈసీ, 2 ఆంపియర్లు. సర్వోలు నాలుగు. మొదట ప్లాస్టిక్ గేర్లవి ఉండేవి, దసరాకు ముందు మెటల్ గేర్లవి మార్చాను.

కోవెల_వీధి_తాత · పర్లాకిమిడి · మంగళవారం ఉదయం 5:30

మార్చింది సర్వోలు. అనుమానించింది ట్రాన్స్‌మిటర్‌ను. మా ఇంట్లో బల్బు వెలగకపోతే కరెంటు ఆఫీసుకు ఫోన్ చేసే కోడలు ఉంది.

గుణుపురం_గాలివాటం · గుణుపురం · మంగళవారం రాత్రి 9:15

తాతగారూ, తగిలింది.

బల్ల మీద పెట్టి పరీక్ష చేశాను. ప్రొపెల్లర్ తీసేసి, రిమోట్‌లో వోల్టేజీ పెద్ద అంకెల్లో పెట్టుకుని, రిమోట్ మీది రెండు కంట్రోల్ కర్రలూ ఒకేసారి గుండ్రంగా తిప్పాను. 5.1 ఉన్నది 4.5, 4.4 అవుతోంది. ఎలివేటర్‌ను (ముక్కును పైకీ కిందికీ తిప్పే తోక పలక) చివరిదాకా పైకి లాగితే 4.2. చెవి పెట్టి వింటే ఆ సర్వో గూంయ్ అని మూలుగుతోంది. లింకు కడ్డీ చివర్లో ఫోమ్‌కు ఒరుసుకుని అడ్డుపడుతోంది, సర్వో ఇంకా తోయాలని చూస్తూ కరెంటు పీలుస్తోంది. గాల్లో గాలి ఒత్తిడి కూడా తోడైతే ఇంకా కిందికి పోయి ఉంటుంది.

కడ్డీ దారి సరిచేశాను. 5 ఆంపియర్ల విడి బీఈసీకి ఆర్డరు పెట్టాను.

బల్లార్షా_బాల్సా · బల్లార్షా · మంగళవారం రాత్రి 9:40

విడి బీఈసీ వచ్చాక ఈఎస్‌సీ నుంచి వచ్చే మూడు తీగల్లో ఎర్రది పిన్ను తీసి టేపు చుట్టెయ్, రెండు బీఈసీలు ఒకదానితో ఒకటి పోట్లాడకుండా. రిసీవర్‌లో ఖాళీ చానల్ ఉంటే 4700 మైక్రోఫారడ్ కెపాసిటర్ ఒకటి తగిలించు. ప్లస్, మైనస్ తారుమారు చేశావో పటాకులా పేలుతుంది, జాగ్రత్త.

ఇంకొక మాట. రిమోట్ ‘టెలిమెట్రీ లాస్ట్’ అన్న ప్రతిసారీ కంట్రోల్ పోయినట్టు కాదు. రిసీవర్ తిరిగి పంపే పవర్ చాలా తక్కువ, కాబట్టి దూరం పోయినప్పుడు ముందు వెనక్కొచ్చే మాటే తెగుతుంది, మన మాట ఇంకా దానికి వినబడుతూనే ఉంటుంది. అది వినగానే కంగారుపడి కర్రలు వదిలేసేవాళ్లను చూశాను.

నాగావళి_రెక్క · రాయగడ · బుధవారం ఉదయం 7:30

సరే, ఈ కేసులో నేను ఓడాను. కానీ పవర్ తక్కువ ఉంటే చాలనడం కూడా ఒప్పుకోను. మా మైదానం పక్కన కాలేజీ హాస్టల్ ఉంది, సాయంత్రం ఆరు దాటితే వైఫై గోల. అప్పుడు 25 మిల్లీవాట్ల మీద లింకు క్వాలిటీ 70కి పడిపోవడం నేనే చూశాను. డైనమిక్ పవర్ పెట్టుకుంటే బాగుంటుంది కదా? అవసరమైతే పెంచుకుంటుంది, లేకపోతే తగ్గించుకుంటుంది. గరిష్ఠం 250 దగ్గర కట్టేస్తాను, మాస్టారు కూడా సంతోషిస్తారు.

హామ్_మాస్టారు · బరంపురం · బుధవారం ఉదయం 7:55

సంతోషించాను.

హాస్టల్ దగ్గర ప్యాకెట్ రేటు కూడా 250 నుంచి 150కి తగ్గించు. వినగలిగే కనిష్ఠం −108 నుంచి −112కి దిగుతుంది. పైసా ఖర్చు లేకుండా 4 డీబీ, అంటే పవర్ రెండున్నర రెట్లు చేసినంత. ఫోమ్ విమానానికి 150 ధారాళంగా చాలు. ఎగరేసేటప్పుడు యాంటెన్నా కొసను విమానం వైపు తుపాకీలా గురిపెట్టకు, గారె చిల్లు గుర్తుంచుకో. ఈ మైదానాల్లో నేను చూసిన సగం ‘రేంజి’ ఫిర్యాదులు ఆ గురి వల్ల వచ్చినవే.

సబరి_గట్టు · జయపురం · బుధవారం మధ్యాహ్నం 2:20

చదువుతున్నాను, మొదటిసారి రాస్తున్నాను. మాకు జయపురం విమానాశ్రయం దగ్గర. పవర్ హద్దులో ఉంటే చాలా, ఎగరేయడానికి వేరే అనుమతులు కావాలా?

బల్లార్షా_బాల్సా · బల్లార్షా · బుధవారం రాత్రి 8:10

రేడియో రూలు వేరు, ఎగరేసే రూలు వేరు. 2021 ఆగస్టు డ్రోన్ రూల్స్‌లో ‘మోడల్’ అంటే 25 కిలోలు మించనిది, చదువుకో పరిశోధనకో సరదాకో వాడేది, కంటికి కనిపించే దూరంలోనే ఎగిరేది. దానికి టైప్ సర్టిఫికెట్ అక్కర్లేదు. గ్రీన్ జోన్‌లో 400 అడుగుల దాకా అనుమతి అడగనక్కర్లేదు, విమానాశ్రయం ప్రహరీకి 8 నుంచి 12 కిలోమీటర్ల మధ్య అయితే 200 అడుగులే. 8 లోపల మాత్రం నీ అంతట నువ్వు ఎగరేయకూడదు. ప్రభుత్వం వాళ్ల డిజిటల్ స్కై మ్యాపులో మీ మైదానం మీద వేలు పెట్టి రంగు చూసుకో. ‘కంటికి కనిపించే దూరం’ అన్న ఆ మాటను 2 వాట్ల మాడ్యూల్ కొనేవాళ్లు ముందు చదవాలి.

సిరొంచ_సర్వో · సిరొంచ · బుధవారం రాత్రి 9:02

మా జిల్లాలో ఇంకో సంగతి. ఆకాశంలో ఏదన్నా గుయ్యిమంటే పోలీసులు వస్తరు, రావాలె కూడా. పోయినేడు నేను దించేలోపే జీపు వచ్చింది. ‘కాయ్ ఆహే హే?’ అన్నరు. చెప్పిన, చూపించిన, రిమోట్ చేతికిచ్చిన. ఒకాయన తన కొడుక్కు ఒకటి చేసిస్తవా అన్నడు. అప్పటి నుంచి ముందే ఠాణాకు పోయి ఏ పొద్దు, ఏ జాగ అని చీటీ రాసిచ్చి వస్త. మీ మల్కనగిరి, కోరాపుట్ దిక్కు కూడా అదే మంచిది.

సబరి_గట్టు · జయపురం · బుధవారం రాత్రి 9:20

మంచి మాట అన్నా. మ్యాపు చూశాను, మేం ఎప్పుడూ ఆడే మైదానం లాభం లేదు. ఊరికి దూరంగా వెతుక్కోవాలి. బయటి నుంచి రిమోట్ తెప్పిస్తే కస్టమ్స్‌లో ఆగిపోతుందంటున్నారు, నిజమేనా?

హామ్_మాస్టారు · బరంపురం · బుధవారం రాత్రి 9:45

ఆగుతుంది. వైర్‌లెస్ పరికరం కాబట్టి ఈటీఏ, అంటే పరికరానికి టైప్ అనుమతి అడుగుతారు. మినహాయింపు బ్యాండులో పనిచేసేదైతే అది దొరుకుతుంది, 915 అయితే ఏం చెప్పుకుంటావు? తయారైన డ్రోన్ల దిగుమతి 2022 ఫిబ్రవరి నుంచి నిషిద్ధం, విడిభాగాలకు కాదు. ఇక్కడి దుకాణంలో బిల్లుతో కొనుక్కో. రెండు డబ్బులు ఎక్కువైనా నిద్ర పడుతుంది.

గుణుపురం_గాలివాటం · గుణుపురం · మరుసటి ఆదివారం ఉదయం 10:40

ఎగిరింది!

విడి బీఈసీ శుక్రవారం వచ్చింది. రెక్క అతికించాను, ఎర్ర తీగ తీశాను, కెపాసిటర్ పెట్టాను, పేలలేదు. బల్ల మీద కర్రలు ఎంత తిప్పినా 5.0 కింద పోలేదు. పొద్దున్న ఇసుకలో ముందు రేంజి పరీక్ష: పవర్ 10 మిల్లీవాట్లకు తగ్గించి, విమానం తమ్ముడి చేతికిచ్చి, నేను మూడు వందల అడుగులు వెనక్కి నడిచాను. లింకు క్వాలిటీ 100.

తర్వాత కావాలనే 25 మిల్లీవాట్ల మీద ఎగరేశాను. పోయిన వారం పెట్టిన దానిలో నాలుగో వంతు. అదే 400 మీటర్ల దగ్గర, అదే ఎడమ మలుపు, అదే గట్టి లాగుడు. గుండె గొంతులోకి వచ్చింది. రిమోట్ ఏమీ అరవలేదు. దించాక లాగ్ చూస్తే అత్యల్పం −79, వోల్టేజీ 5.0. బల్లార్షా అన్న చెప్పిన 6 డీబీ అటూ ఇటూగా సరిపోయింది.

నాగావళి అన్నా, 1 వాట్ మాడ్యూల్ కొనలేదు. ఆ డబ్బుతో రెండో బ్యాటరీ తీసుకున్నాను.

గేదెల కుర్రాడు మళ్లీ వచ్చాడు. పోయిన వారం నాకు దొరకని బ్యాటరీ మూత వాడి దగ్గరే ఉంది, దాన్లో వేరుశనక్కాయలు పోసుకుని తింటున్నాడు. తిరిగిచ్చేయమంటే, ఒక్కసారి కర్ర ముట్టుకోనిస్తేనే అన్నాడు. ట్రైనర్ కేబుల్ గురించి ఎవరికైనా తెలుసా? రెండు రిమోట్లు కలపడం ఎలాగో వేరే చర్చ మొదలుపెడుతున్నాను.